దుర్గ తీసిన కొలతలు

పదిహేనేళ్ళుగా నా పేరు ముందు ‘డాక్టర్’ ఉంది. ఎవరైనా ఆ మాటతో పిలిస్తే గుండెల మీద బరువు పెట్టినట్టు ఉంటుంది. అయినా పిలవకపోతే చిన్నబుచ్చుకుంటాను. అంత నీచం. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను.

గుడివాడ దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. వెంట్రుకంత సన్నటి కాలువల్లో నీళ్ళను పంపు లేకుండా, కరెంటుతో నడపడం నా పరిశోధన. కాలువ గోడను అంటుకున్న పలుచటి నీటి పొర కరెంటుకు కదులుతుంది, మిగతా నీటిని వెంట లాక్కుపోతుంది. నాకింకా డాక్టరేట్ రాని రోజుల్లో, కృత్తివెన్ను రొయ్యల చెరువుల నీటిని గట్టు మీదే పరీక్షించే చిన్న పరికరం చేద్దామని మొదలుపెట్టాం. కంప్యూటర్లో నా లెక్కంతా అద్దంలాంటి నున్నటి గోడలకు వేసినది. అలాంటి గోడ ఎక్కడా ఉండదని నాకు తట్టలేదు. తట్టేంత తెలివి అసలు ఉందా?

ప్రయోగాలు చేసింది దుర్గ. ఎం.టెక్. విద్యార్థిని, గిలకలదిండి అమ్మాయి. వాళ్ళ నాన్న బోటు మీద చేపల వేటకు వెళ్ళేవాడు. కాలువలకు ఇత్తడి అచ్చులు బందరులో రోల్డ్‌గోల్డ్ నగల అచ్చులు చెక్కే ఆచారి గారి చేత చేయించాం. అచ్చు మీద వేడి ప్లాస్టిక్ నొక్కితే కాలువ పడుతుంది. నగల పనిలో మెరుగు చివర్న, నగకే పెడతారు. అచ్చుకు పెట్టరు. ఆయన అలవాటు ప్రకారం ఉలి గీతలతోనే ఇచ్చేశాడు, అడగాలని మాకూ తెలియదు. ఆ గీతలన్నీ మా కాలువ గోడల్లోకి దిగాయి.

దుర్గ కొలిచిన ప్రతిసారీ నీళ్ళు నా లెక్క కంటే నెమ్మదిగా నడిచాయి. నెల రోజులు అదే వరస. చివరికి ఆమె తనే బస్సెక్కి బందరు వెళ్ళి, రెండో అచ్చుకు మెరుగు పెట్టించి తెచ్చింది. రెండు రకాల కాలువలనూ పక్కపక్కన పెట్టి కొలిచింది. నలుగురు లెక్చరర్లు నా గదిలో టీ తాగుతుండగా లోపలికి వచ్చింది.

“సార్, నున్నటి దాంట్లో మీ లెక్కకి దగ్గరగానే వస్తుందండి. గరుకు దాంట్లో గీతల మధ్య నీళ్ళు ఇరుక్కుని అక్కడే తిరుగుతున్నాయి. లెక్కలో గరుకు కూడా కలపాలి సార్.”

“గరుకు కాలవలో లేదమ్మా, నీ చేతిలో ఉంది,” అన్నాను. “వలలు అల్లే చేతులకి ఇంత సన్నపని రాదు.”

నలుగురూ నవ్వారు. నవ్వులు ఆగేదాకా ఆమె అలాగే నిలబడింది.

“వలలో ఒక్క కన్ను పెద్దదైతే చేప పోద్ది సార్. సన్నపని మాకు కొత్త కాదండి.”

నాకు ఒళ్ళు మండింది. తెలియక అన్నానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆమె చెప్పింది నిజమని ఆ గదిలోనే, ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసే నోట్‌బుక్ లాక్కున్నాను. కొలతలు నమ్మదగ్గవి కావని రాసి, ప్రాజెక్టు మీద సంతకం పెట్టకుండా, మళ్ళీ మొదటి నుంచి చేయమన్నాను. ఇంకో ఏడాది చదివించే స్తోమత ఆ ఇంటికి లేదని కూడా నాకు తెలుసు. దుర్గ డిగ్రీ లేకుండానే వెళ్ళిపోయింది.

నోట్‌బుక్ మాత్రం నా బీరువాలో ఉండిపోయింది. రెండేళ్ళ తరువాత, గోడల గరుకుదనం ప్రవాహాన్ని ఎలా తగ్గిస్తుందో నేను ‘కనిపెట్టాను’. పరిశోధన పత్రిక వేసుకుంది, విశ్వవిద్యాలయం డాక్టరేట్ పట్టా ఇచ్చింది, కాలేజీ శాలువా కప్పింది. ప్రిన్సిపాల్ వేదికెక్కి నా ఓర్పును పొగిడాడు. ఆ నలుగురూ ముందు వరుసలో చప్పట్లు కొట్టారు. ఒక్కడికైనా గుర్తు రాలేదా? వచ్చే ఉంటుంది. మా బాపతు మనుషులం పక్కవాడి దొంగతనం చూసి నోరు మూసుకోవడాన్ని సంస్కారం అనుకుంటాం.

కిందటి నెల పరీక్షల పని మీద అవనిగడ్డ వెళ్ళాను. పరీక్షలు జరిగే బడిలోనే దుర్గ లెక్కలు చెబుతోంది. నన్ను వెంటనే గుర్తుపట్టింది. కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, బాగున్నారా అని అడిగింది. పాత సంగతి ఎత్తలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేదేమో. ఆమె చేత తిట్టించుకుని తేలికపడదామనుకోవడం ఇంకెంత దిగజారుడు?

తిరిగొచ్చాక పత్రికకూ విశ్వవిద్యాలయానికీ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఆ కొలతలూ, ఆ ఆలోచనా ఆమెవని. పట్టా పోవచ్చు, పోనీ. కానీ మొదటి వాక్యంలోనే ఆగిపోయాను. ఆమె ఇంటిపేరు నాకు తెలియదు, నోట్‌బుక్ అట్ట మీద కూడా ‘దుర్గ’ అని మాత్రమే ఉంది. ఇన్నేళ్ళు ఆమె పని మీద బతికినవాడికి ఆమె పూర్తి పేరు తెలియదు.

కాలేజీ ఆఫీసు గుమాస్తాకు ఫోన్ చేసి పాత రిజిస్టరు చూడమన్నాను. ఇప్పుడెందుకండీ అని అడిగాడు. ఆ అమ్మాయి పరిశోధన దొంగిలించాను, అది రాసివ్వాలి, అందుకు అన్నాను. అంత సూటిగా అంటానని నేనూ అనుకోలేదు. అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. ఆయన ఆమె పేరు ఒక్కో అక్షరం చదివాడు. నేను రాసుకున్నాను.