గళ్ళ టైరు అచ్చు

నా చిన్నప్పుడు మా ఇంటి పందిరి కింద ఒక ఫట్‌ఫటీ ఉండేది. మోటారు సైకిలు అనే మాట మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. అది చేసే చప్పుడే దానికి పేరైంది. మిలట్రీ వచ్చి, రజాకార్ల పీడ విరగడై, ఇక మనుషులు భయం లేకుండా తిరగవచ్చని అందరూ అనుకున్నారు. ఆ తర్వాతి ఎండాకాలంలో మా మేనమామ దాన్ని కొనుక్కొచ్చాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు ఉంటాయేమో.

మొన్న మా మనవడు ఎవరో వాడిన పెద్ద బండి ఒకటి కొని, కొండలూ లోయలూ తిరిగొస్తానని తయారవుతున్నాడు. దానికి ఏ పెట్టెలు తగిలించాలి, ఏ టైర్లు వేయించాలి అని రాత్రింబవళ్ళు అదే ధ్యాస. ఫోనులో టైర్ల బొమ్మలు చూపించి "ఏది బాగుంది నానమ్మా" అన్నాడు. గళ్ళ టైరు దగ్గర నా వేలు ఆగిపోయింది. ఎందుకో వాడికి తెలియాలి. అందుకే ఇది రాస్తున్నాను.

మామ పెద్ద యుద్ధంలో మిలట్రీ లారీ నడిపి వచ్చినవాడు. పెళ్ళి చేసుకోమంటే నవ్వేవాడు. మా ఇంట్లోనే ఉండేవాడు కానీ ఒకచోట కుదురుగా కూర్చోవడం ఆయనకు చేతకాదు. యుద్ధం అయ్యాక మిలట్రీవాళ్ళు వదిలించుకున్న పాత బండి అది. సికింద్రాబాదులో ఎవరి దగ్గరో చూసి మనసు పారేసుకున్నాడు. కొన్నది మాత్రం తన కోసం కాదు, మా అమ్మ కోసం. నేను పుట్టినప్పుడు అమ్మ యాదగిరిగుట్టకు మొక్కుకుంది. ఆ కాలంలో దారులు బాగాలేక ఆ మొక్కు అలాగే ఉండిపోయింది. అక్కయ్యను గుట్టకు తీసుకుపోవాలి, అటునుంచి నందికొండ దాకా పోయి కృష్ణలో తలస్నానం చేయించి తేవాలి, ఇదీ మామ లెక్క. నందికొండ దగ్గర అప్పటికి నాగార్జునసాగర్ డ్యాము లేదు, ఏరూ కొండలూ మాత్రమే.

ఇక బండిని సింగారించే పని మొదలైంది. బావుల్లో నీళ్ళు తోడే తోలు మోట బొక్కెనలు కుట్టే పెద్దాయనతో ఆ తోలుతోనే రెండు సంచులు కుట్టించి, వెనకచక్రానికి అటూ ఇటూ కట్టాడు. వెనక సీటు మీద పాత గొంగడి మడతలు పెట్టి మెత్తగా చేశాడు. అమ్మ ఒక పక్కకు తిరిగి కూర్చుంటే కాళ్ళు వేలాడకుండా, వడ్రంగితో చిన్న చెక్కపలక చేయించి బిగించాడు. అమ్మ అదంతా చూసి, "నన్ను వడ్ల బస్తా లెక్క కట్టుకొని పోతవారా?" అని ఎగతాళి చేసేది. ఎవరూ చూడనప్పుడు మాత్రం ఆ పలక మీద కాలు ఆనించి చూసుకునేది.

టైర్లు అరిగిపోయి ఉన్నాయి. వాటి కోసం మామ నన్ను కూడా ఎక్కించుకుని నల్లగొండ పోయాడు. మరమ్మతులు చేసే చాచా ఒకాయన ఉండేవాడు, మామకు పాత స్నేహం. ఆ రోజు ఆయన దుకాణం తలుపు ఒకటే తీసి ఉంది. దుకాణం ఎత్తేసి పట్నం పోతున్నానన్నాడు. ఎందుకని మామ అడగలేదు. పోలీసు చర్య తర్వాత ముస్లింల ఇళ్ళ మీదా దుకాణాల మీదా దాడులు జరిగాయి. ఆ ప్రశ్న ఎవరూ అడగనక్కరలేదు, ఆయన ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

ఆయన దగ్గర రెండు రకాల టైర్లు మిగిలాయి. ఒకటి నిలువు గీతలది, ఇంకొకటి పెద్ద పెద్ద గళ్ళది. "గీతలది సడక్ మీద మెత్తగ పోతది. గళ్ళది బురదల పట్టు ఇడవది. కాని బేటా, అది యాడికి పోయిందో ఊరంతటికి చెప్పుకుంట పోతది" అన్నాడు చాచా.

"చెప్పనీ చాచా, నాకు దాసుకునే పనేమున్నది" అని మామ గళ్ళవే వేయించాడు. మా దిక్కు దారుల సంగతి తెలిసినవాడెవడైనా అవే వేయిస్తాడు. వాన పడితే రేగడి భూముల్లో ఎడ్లబండి కూడా దిగబడుతుంది.

ఆ టైరు దుమ్ములో వేసే అచ్చు ఎంత అందంగా ఉండేదని. వాకిట్లో ముగ్గు గళ్ళలాగా వరుసగా, తప్పు లేకుండా. మామ బండి పోయాక నేను ఆ అచ్చులో పాదం పెట్టుకుంటూ ఊరి చివరి దాకా పోయేదాన్ని. చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో అలాంటి అచ్చు మా బండి ఒక్కదానిదే.

గుట్ట ప్రయాణం మాత్రం రేపూ మాపూ అంటూ వాయిదా పడుతూ పోయింది. రజాకార్లు పోయారు గానీ శాంతి రాలేదు. సంగపోళ్ళు, అంటే దొరల మీద తిరగబడిన కమ్యూనిస్టులు, ఇంకా గుట్టల్లోనే ఉన్నారు, వాళ్ళను వెతకడానికి మా ఊరి బడిలో మిలట్రీ క్యాంపు పెట్టారు. మా బడి అలా మూతపడింది. ఇంతలో వానలు వచ్చాయి.

మా పక్కింటి అక్క గురించి ఇక్కడ చెప్పాలి. నాకు తల దువ్వి, పేలు చూసి, నేను ఏడిస్తే నన్ను మించి ఏడ్చే మనిషి. ఆమెను వాగు అవతలి పల్లెలో ఇచ్చారు. బావ సంగంలో ఉన్నాడని అందరికీ తెలుసు, ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. అక్కకు నెలలు నిండాయి. ముందురోజు సాయంత్రం నుంచి నొప్పులు పడుతోందని, బిడ్డ అడ్డం తిరిగిందని తెల్లవారేసరికి కబురు వచ్చింది. మంత్రసాని మా ఊళ్ళోనే ఉంది. ముసలిది, ఆ బురదలో నడవలేదు. ఎడ్లబండి కడితే చక్రాలు కూరుకుపోతాయి.

మామ వెంటనే పందిరి కింద నుంచి బండి బయటికి తీశాడు. మంత్రసానిని ఫట్‌ఫటీ మీద కూర్చోబెట్టాడు. మా అమ్మ కోసం చేయించిన పలక మీద మొదట కాళ్ళు పెట్టింది ఆమే. తోలు సంచుల్లో ఆమె సామాను వేశారు. గళ్ళ టైర్లు బురదను కోసుకుంటూ, వాగు దాటి, నేరుగా అక్క గడప ముందుకు పోయి ఆగాయి.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బతికారు. మధ్యాహ్నానికి మామ తిరిగి వచ్చి, ముఖమంతా బురదతో, పిల్ల ముక్కు అచ్చం అక్కదేనని చెబుతుంటే మేమంతా చుట్టూ చేరి విన్నాం. ఆయనను అంత సంతోషంగా నేను మళ్ళీ చూడలేదు.

మామ వచ్చేశాక, ఆ పల్లె వెనక గుట్ట రాళ్ళలో దాగి ఉన్న బావ, తన బిడ్డను చూడటానికి దిగి వచ్చాడట. వాన వెలిసి ఎండ కాసింది. గస్తీ తిరుగుతున్న క్యాంపు జవాన్లకు దారిలో టైరు అచ్చు కనిపించింది. ఈ పల్లెలో మోటారు బండికి ఏం పని అనుకున్నారు. అచ్చు పట్టుకుని నడిచారు. వాళ్ళు ఎవరినీ దారి అడగనక్కరలేకపోయింది. వాళ్ళు పోయేసరికి బావ ఒళ్ళో బిడ్డ ఉంది. బిడ్డను తీసి మంచం మీద పడుకోబెట్టి, ఆయనను వాగు దాకా తీసుకుపోయి కాల్చేశారు.

మర్నాడు అమ్మా నేనూ నడిచి పోయాం. ఎండకు బురద గట్టిపడింది. గళ్ళ టైరు అచ్చు చెక్కినట్టు అలాగే ఉంది. దాని మీద బూట్ల గుర్తులు ఉన్నాయి. అలవాటుగా నేను ఆ అచ్చులో పాదం పెట్టబోతే, అమ్మ నా రెక్క పట్టుకుని పక్కకు లాగేసింది.

మామ మాకంటే ముందే వచ్చి వాకిట్లో నిలబడి ఉన్నాడు. అక్క ఏడవలేదు. బిడ్డను పొదివి పట్టుకుని ఆయనతో అన్న మాటలు నాకు ఈనాటికీ వినిపిస్తాయి. "నువ్వు మంత్రసానిని తేకుంటె నేనూ లేను, ఇదీ లేదు మామా. నిన్నేమన్న అంటె నా నోట్ల పురుగులు పడ్తయి. కాని ఆ బండి మల్ల ఈ దిక్కు తేకు."

ఆ టైర్లు కాకపోతే బండి ఆ బురద దాటేది కాదు. అక్కా బిడ్డా దక్కేవారు కాదు. ఎన్నిసార్లు ఆలోచించినా నేను ఇక్కడికే వచ్చి ఆగుతాను. తప్పు ఎవరిదని అనుకోవాలి, ఎలా అనుకోవాలి.

మామ ఆ బండి మళ్ళీ ఎక్కలేదు. తోలు సంచులు విప్పదీసి మోట బొక్కెనకు అతుకులు వేయించాడు. టైర్లు కోసి, గళ్ళన్నీ కత్తితో నున్నగా చెక్కేసి, ఇంట్లో అందరికీ చెప్పులు కుట్టించాడు. అమ్మ మొక్కు తీరనే లేదు. ఆమె కూడా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అక్క ఇంటికి పోవడం మాత్రం మామ మానలేదు. బియ్యమో జొన్నలో మూట కట్టుకుని నడిచే పోయేవాడు. అప్పుడప్పుడు నన్ను తీసుకుపోయేవాడు. వాగు దాటగానే దారి విడిచి రాతిబండల మీదుగా నడిపించేవాడు. కాళ్ళు కాలుతున్నాయని నేను గునిస్తే ఆగి, వెనక్కి చూసి, "మంచికి పోతున్నమని చూడకుండ పోవద్దు బిడ్డా. ఒకరింటికి పోయేటప్పుడు మనెనక ఏమొస్తాందో చూస్కోవాలె" అన్నాడు. ఆయన నాకు చెప్పిన బుద్ధి ఇదొక్కటే.

నేను పెరిగి నర్సునయ్యాను. సర్కారు దవాఖాన జీపులో ఊళ్ళు తిరిగాను. పెళ్ళికాని పిల్లకు నెల తప్పిందన్నా, ఎవరికైనా క్షయ అన్నా, జీపు ఆ గడప ముందు ఆగితే చాలు, సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. అందుకే జీపు ఎప్పుడూ ఊరి బయటే ఆపించేదాన్ని. "ఇంటిదాంక పోతది కదమ్మా, ఎందుకు నడుస్తరు" అని డ్రైవర్లు విసుక్కునేవారు. నాకు కాళ్ళున్నాయి లేవయ్యా అనేదాన్ని.

ఆనాడు పుట్టిన ఆ పిల్లకు పురుడు పోసింది కూడా నేనే. తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. ఆ రోజూ వాన పడింది. జీపును వాగు ఇవతలే ఆపించి, చెప్పులు చేత పట్టుకుని బురదలో నడిచి పోయాను. అక్క గడపలో నిలబడి ఉంది, జుట్టు నెరిసింది. నా భుజం మీదుగా, నేను వచ్చిన దారి వైపు చాలాసేపు చూసింది. నేనూ వెనక్కి తిరిగి చూశాను. నా పాదాల గుర్తులు తప్ప ఏమీ లేవు.

అప్పుడు "రా బిడ్డా, లోపలికి రా" అంది.