ఒక క్లిక్ లేటు

నలభై ఏళ్లుగా ఫొటోలు తీస్తున్నాను. అందరూ ఊపిరి బిగబట్టి నిలబడినప్పుడు మాత్రం తీయను. పిలిపించిన ఫొటోగ్రాఫరు క్లిక్‌మనిపించి "అయిపోయిందండి" అనగానే భుజాలు దిగుతాయి, లోపలికి పీల్చుకున్న పొట్టలు బయటికొస్తాయి, పెళ్లికూతురు ముక్కు గోక్కుంటుంది. నాకు కావలసింది ఆ క్షణమే. టీచరుగా చేరిన ఏడాది కొన్న రీలు కెమెరా నుంచి ఇప్పటి డిజిటల్ దాకా నా పద్ధతి మారలేదు.

మా ధవళేశ్వరం చర్చి సంఘపెద్దగారు దానికి వేరే పేరు పెట్టారు. పదకొండేళ్ల కిందట క్రిస్మస్ ఆరాధన అయ్యాక, నేను తీసిన ఫొటో చూసి, పదిమంది ముందు అన్నారు: "మీరెప్పుడూ ఒక క్లిక్ లేటేనండి, టీచరుగారూ." ఆ రోజు ఆయన వేసుకున్నది గంధం రంగు చొక్కా. రెండో గుండీ ఊడిపోయి ఉంది.

ఈ ఏడాది చర్చి హాలుకి రంగులు వేయించి, గోడకి సంఘమంతా ఉన్న పెద్ద ఫొటో పెట్టాలనుకున్నారు. నన్ను అడగలేదు. స్టూడియో ఆయనకి చెప్పారు. ఆ గోడ నాకు కావాలని మా ఆయనతో మాత్రమే అన్నాను. గోడలు మనింట్లోనూ ఉన్నాయిగా అన్నారాయన. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేశాను.

ఫొటో కోతపండుగ నాడు తీశారు. ఆ రోజు మావాళ్లు తొలిపంట తెచ్చి దేవుడికి అర్పిస్తారు. వడ్లు, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, కోళ్లు, అన్నీ ఫొటోలో ముందు వరసలో పేర్చాలి. ఎవరి కానుక మధ్యలో ఉంటే వాళ్లకి గొప్ప. సంఘపెద్దగారు రావులపాలెం అవతలి తన తోట నుంచి మనిషంత అరటిగెల తెచ్చి, కుర్చీ మీద నిలబెట్టించి, దాని పక్కన ఎవరో అర్పించిన పుంజును చంకలో పెట్టుకుని నిలబడ్డారు. వెనక పాటలు పాడే ఆడవాళ్లు, అటూ ఇటూ మిగతా సంఘం ఉన్నారు.

స్టూడియో ఆయన క్లిక్‌మనిపించాడు. అయిపోయిందండి అన్నాడు. ఇద్దరు మనుషులు గెల ఎత్తి పక్కకి జరిపారు. పుంజు ఎగిరింది. నేను నొక్కాను.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసి, వంటింటిదాకా పరుగెత్తి, ఏం కావాలో గుర్తురాక మళ్లీ వచ్చి చూశాను. మా ఆయనతో మాట్లాడననే సంగతి కూడా మరిచిపోయి ఆయన్ని చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

తరవాతి ఆదివారం స్టూడియో ఫొటో బల్ల మీద పెట్టారు. అరటిపళ్లు అద్భుతంగా వచ్చాయి. సంఘంలో అందరికంటే ముందునుంచి పాడుతున్న పెద్దావిడ కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు వెతికారు.

"ఇందులో నేనెక్కడున్నాను, నాయనా?"

"గెల వెనకండి," అన్నారు సంఘపెద్దగారు.

"యాభై ఏళ్లు పాడింది గెల వెనక నిలబడ్డానికా?"

నేను సంచిలోంచి నా ఫొటో తీసి పక్కన పెట్టాను. పాడే ఆడవాళ్లు తొమ్మిదిమందీ నోరారా నవ్వుతున్నారు. పెద్దావిడ పక్కామె భుజం మీద వాలిపోయి నవ్వుతున్నారు. వాళ్ల ముందు సంఘపెద్దగారు ఒంటికాలి మీద, రెండు చేతులూ చాచి, నోరు తెరుచుకుని, గాల్లోకి లేచిన పుంజు వెనక పడుతున్నారు. హాలంతా మళ్లీ అదే నవ్వు.

ఆయన నవ్వలేదు. "నన్ను కత్తిరించేసి పెట్టుకోండి. నాకభ్యంతరం లేదండి," అన్నారు.

పదకొండేళ్లుగా నేను ఎదురుచూసినది అదే కదా. అరచేత్తో ఆయన్ని కప్పి చూశాను. అందరూ వట్టి గాలిని చూసి నవ్వుతున్నారు. ఇటు జరిపాను, అటు జరిపాను. ఆ ఫొటోలో ప్రతి కన్నూ ఆయన మీదే ఉంది. ఆయన్ని తీసేస్తే నాకు గోడ దక్కుతుంది, ఫొటో పోతుంది.

"మీరు లేకపోతే ఇది ఫొటోయే కాదండి," అన్నాను.

"వినపళ్లేదండి."

విన్నారు. నాకు తెలుసు. అయినా పదిమంది ముందు, గట్టిగా, మళ్లీ అన్నాను.

ఫొటో గోడకెక్కింది. కొత్తవాళ్లెవరు హాల్లోకొచ్చినా సంఘపెద్దగారే దగ్గరుండి చూపిస్తారు. పుంజు ఎలా జారిందో, ఆయన ఎంత ఎత్తు ఎగిరారో, ఒంటికాలి మీద నిలబడి మరీ చెబుతారు. అందరూ పడీపడీ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఎవరు తీశారో ఒక్కసారీ చెప్పలేదు.