సంతకం కోసం ఆడిన ఆటలు

తెనాలిలో నేను పనిచేసిన రైసుమిల్లు యజమానికి రెండే సరదాలు. ఒకటి బండలాగుడు ఎడ్లు, రెండోది వాలీబాల్ జట్టు. ఎడ్లకి ఉలవలూ, మాకు కోడిగుడ్లూ ఆయనే పెట్టించేవాడు. ఇంటికి ఎవరైనా పెద్దమనుషులు వస్తే ముందు కొట్టం దగ్గరికి తీసుకెళ్ళి ఎడ్ల మూపురాలు నిమిరి చూపించేవాడు. ఆ తర్వాత మమ్మల్ని పిలిపించేవాడు. నా జబ్బ కండని పిడికిట్లో పట్టి "సముద్రం సరుకు" అనేవాడు. వచ్చినవాళ్ళు కూడా ఒకసారి పట్టి చూసేవాళ్ళు.

సముద్రం సరుకన్నది నిజమే. మాది నిజాంపట్నం దాపున ఒక పల్లెపాలెం. నాన్నా అన్నలూ వేటకి పోయేవాళ్ళు. అమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని రేపల్లె బజారుకి పోయేది. వలతాళ్ళు లాగి పెరిగిన చేతులు నావి. దానికి తోడు మా ఇంట్లో ఎవరికీ లేని పొడుగు. అరవైల చివర్లో రేపల్లె హైస్కూలు మైదానంలో ఆడుతుంటే బాపట్ల నుంచి వచ్చిన మాస్టారి కళ్ళలో పడ్డాను. మాస్టారు మిలటరీలో వాలీబాల్ ఆడి, పింఛను మీద వచ్చి, బాపట్లలో కుర్రాళ్ళకి ఆట నేర్పేవారు. నన్ను తీసుకెళ్ళి సూర్యలంక ఇసుకలో పొద్దున్నే పరిగెత్తించేవారు. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు వంగకపోతే చింతబరికెతో పిక్కల మీద కొట్టేవారు. ఎగరటం ఎవడైనా ఎగురుతాడు, దిగటం తెలిసినవాడే నాలుగు కాలాలు ఆడతాడు అనేవారు. నేను ఆయన్ని ఒక్కమాట ఎదురు అనలేదు. ఆయన కొట్టిన చోట వాతలు తేలితే సముద్రపు నీళ్ళు తగిలి మండేవి. అయినా మర్నాడు ఆయన కంటే ముందే ఇసుకలో ఉండేవాణ్ణి.

జిల్లా జట్టులోకి వచ్చాక మిల్లు యజమాని నన్ను తన జట్టుకి తీసుకున్నాడు, మాస్టారిని కోచీగా పెట్టుకున్నాడు. పేరుకి మిల్లులో గుమాస్తాని. నా పని ఆట. జిల్లా సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే.

డెబ్బైల్లో కువైట్ అనే మాట మావైపు కొత్తగా వినపడసాగింది. తాపీమేస్త్రీలు, డ్రైవర్లు, వంటవాళ్ళు పోతున్నారని చెప్పుకునేవారు. ఆటగాళ్ళని కూడా పిలుస్తారని మాకెవరికీ తెలియదు. మద్రాసులో ఒక టోర్నమెంటుకి వెళ్ళినప్పుడు కువైట్ క్లబ్బు ఒకదాని తరపున ఒక మలయాళీ మేనేజరు వచ్చాడు. మా ఆట చివరిదాకా చూసి మాస్టారితో హిందీలో మాట్లాడాడు. వాళ్ళకి ఒక కోచీ, నెట్ దగ్గర స్మాష్ కొట్టేవాడూ కావాలట. ఇద్దరికీ క్లబ్బే వీసాలు తెప్పిస్తుంది. టిక్కెట్లు, బస వాళ్ళవే. మేం చెయ్యాల్సిందల్లా పాస్‌పోర్టు తెచ్చుకోవటం, మా సంఘం నుంచి అభ్యంతరం లేదని కాగితం ఇప్పించుకోవటం. అది వాళ్ళ ఆటలు మొదలయ్యే లోపల అందాలి.

తిరుగు రైల్లో మాస్టారు నన్ను పక్కన కూర్చోమన్నారు. అంతకు ముందెప్పుడూ ఆయన ముందు నేను కూర్చోలేదు. విమానంలో ఏం పెడతారో, అక్కడి గచ్చు మైదానాలు ఎలా ఉంటాయో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. అయినా గూడూరు నుంచి చీరాల దాకా అదే మాట్లాడుకున్నాం.

పాస్‌పోర్టులు వచ్చాయి. మిగిలింది సంతకం. నా కాగితం మీదా, మాస్టారి కాగితం మీదా సంతకం పెట్టాల్సినవాడు ఒక్కడే, మిల్లు యజమాని.

ఆయన కాదనలేదు. ఎన్నడూ కాదనలేదు. మేమిద్దరం వెళ్ళి నిలబడితే చాలా సంతోషించాడు. కాఫీ ఇప్పించాడు. రేపల్లెలో టోర్నమెంటు ఉంది, అది ఆడేసి రమ్మన్నాడు. ఆడాం, గెలిచాం. మళ్ళీ వెళ్తే రేపల్లె పక్కన నగరం అనే ఊళ్ళో ఆయన వియ్యంకుడు ఆట పెట్టించాడు, మాట పోతుంది, అది కూడా ఆడమన్నాడు. మాస్టారు గడువు దగ్గరపడుతోందని నెమ్మదిగా చెప్పారు. ఆయన పడక్కుర్చీలోంచి లేవకుండానే నవ్వాడు.

"సంతకం ఎక్కడికి పోద్దయ్యా? చెయ్యి నాదే, కలం నాదే."

నగరంలో మైదానం నల్లరేగడి. ఎండకి నెర్రెలిచ్చి ఉంది. ఒక నెర్రెలో నా కుడికాలు దిగబడి మోకాలు మెలిపడింది. ఆట అయ్యేసరికి మోకాలు కొబ్బరిబొండంలా ఉబ్బింది. ఇంటికి పోతే అమ్మ చూసింది. మర్నాడు ఒడ్డున తెల్లచందువాలు మంచివి ఏరి, తట్టలో పెట్టుకుని నాతోపాటు రైలెక్కి తెనాలి వచ్చింది. యజమాని ఇంటి పెరటి గుమ్మం దగ్గర నిలబడింది. లోపలి నుంచి పనిమనిషి వచ్చి చేపలు తీసుకెళ్ళింది. అయ్యగారు నిద్రపోతున్నారని చెప్పింది. అమ్మ అక్కడే గోడ నీడన కూర్చుంది. చేపల పులుసు వాసన వచ్చేదాకా, ఆ భోజనాలు అయ్యేదాకా కూర్చుంది. అప్పుడు ఆయన చెయ్యి కడుక్కోవటానికి పెరట్లోకి వచ్చాడు.

"బాబుగారూ, పిల్లాడి కాలు వాచిందండి. ఇంక ఆడించబాకండి. ఆ సంతకమేదో పెట్టి పంపిచ్చెయ్యండి, మీకు పుణ్యముంటది."

ఆయన పుక్కిలించి ఉమ్మి, నా మోకాలు వైపు చూశాడు.

"ఎద్దుకి కాలు వాస్తే కాపడం పెట్టిస్తా. వీడికీ పెట్టిస్తాలే. నువ్వు దిగులు పడబాక."

అది హాస్యం కాదు. సాయంత్రం నిజంగానే ఎడ్ల పాలేరు వచ్చి, వేడి చేసిన వావిలాకు నా మోకాలికి కట్టాడు. పందెం ఎద్దుకి కట్టినట్టే బిగించి కట్టాడు. మంచివాడు. నొప్పి పుడితే చెప్పమన్నాడు.

ఆఖరి ఆట పెనుమూడిలో. కృష్ణ అవతలి ఒడ్డు నుంచి పడవల మీద ఒక జట్టు వచ్చింది. ఆ జట్టుని పోషించే ఆసామి ఎడ్లు అంతకు ముందు తిరనాళ్ళలో మా యజమాని ఎడ్లని ఓడించాయి. అందుకని ఈ ఆట గెలిచి తీరాలి. ముందురోజు వాన పడి, ఏటి ఒడ్డు మైదానం జారుగా ఉంది. యజమాని గుడారం కింద కుర్చీ వేయించుకుని సోడా తాగుతున్నాడు. మాస్టారి చంకలో సంచీ ఉంది. అందులో మా ఇద్దరి కాగితాలూ ఉన్నాయి. ఆ రోజుల్లో ఆ సంచీ లేకుండా ఆయన ఎక్కడికీ కదిలేవారు కాదు.

మోకాలు నిలబడటం లేదని మాస్టారికి చెప్పాను. ఆయన నా మోకాలు వంక చూడలేదు. గుడారం వంక చూశారు.

"ఇదొక్కటీ ఆడెయ్యి. ఇదే ఆఖరిది," అన్నారు.

మొదటి సెట్టు మేం గెలిచాం. రెండోది పోయింది. మూడోదాంట్లో నేను కుంటటం జనానికి కూడా తెలిసిపోయింది. నన్ను మార్చమని మాస్టారికి సైగ చేశాను. ఈసారి యజమానే లేచి గీత దాకా వచ్చాడు. నువ్వు ఎగరక్కర్లేదు, నెట్ ముందు ఊరికే నిలబడు, నిన్ను చూసి వాళ్ళు బెదిరితే చాలు అన్నాడు. మాస్టారు ఆయన పక్కనే ఉన్నారు. చంకలో సంచీ సర్దుకున్నారు.

నిలబడ్డాను. కాసేపు అలాగే నిలబడ్డాను. మావాడు ఒకడు బంతిని ముద్దుగా, నెట్‌కి జానెడు ఎత్తున నాకోసం లేపాడు. అన్నేళ్ళ అలవాటు ఒళ్ళు ఎక్కడ మర్చిపోతుంది? ఎగిరాను. కొట్టాను కూడా. దిగేటప్పుడు కుడికాలు బురదలో ఒక పక్కకి పోయింది, నేను ఇంకో పక్కకి పోయాను. పచ్చికట్టె విరిచినట్టు లోపల చప్పుడైంది. నేను జారిపడ్డాననుకుని గట్టు మీది జనం గొల్లున నవ్వారు. లేవకపోయేసరికి కొంతసేపటికి నవ్వు ఆగింది.

నన్ను మోసుకెళ్ళి బెంచీ మీద పడుకోబెట్టారు. ఆట ఆగలేదు. నా బదులు యజమాని మేనల్లుణ్ణి దింపారు. మావాళ్ళు గెలిచారు. నేను కొట్టిన ఆ బంతి కూడా లెక్కలోకి వచ్చిందని తర్వాత ఎవరో చెప్పారు.

దండలు వేసుకుని యజమాని నేరుగా నా దగ్గరికి వచ్చాడు. వెనకాల జనం. మాస్టారిని సంచీలోంచి కాగితాలు తియ్యమన్నాడు. తన దగ్గర పనిచేసినవాడు దేశం దాటి పోతుంటే తనకి అంతకంటే ఏం కావాలని అందరికీ వినపడేలా అన్నాడు. బల్ల లేదు. నేను పడుకున్న బెంచీ అంచునే కాగితాలు పరిచాడు.

"కాలు కాస్త జరుపు," అన్నాడు నాతో.

నేను జరపలేకపోతే మాస్టారే ఎత్తి జరిపారు. యజమాని రెండు సంతకాలూ పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. పెద్ద మనసున్న మనిషని ఆ సాయంత్రమంతా పెనుమూడి రేవులో చెప్పుకున్నారట.

మొదట ఊళ్ళో కట్టు కట్టించారు. వాపు తగ్గలేదు. గుంటూరు పెద్దాసుపత్రిలో పిండికట్టు వేశారు. అది తీసేలోపే కువైట్ నుంచి వీసాలు వచ్చాయి. నాదీ వచ్చింది. నా ఫొటో, నా పేరు, అరబ్బీ అక్షరాలు. పిండికట్టు తీసిన వారానికి చేతికర్రతో మద్రాసు వెళ్ళాను. క్లబ్బు చెప్పిన డాక్టరు దగ్గర ఒళ్ళు చూపించుకుని చీటీ తెచ్చుకోవాలి. డాక్టరు గుండె విన్నాడు, కళ్ళు చూశాడు, గొంతుక్కూర్చుని లెమ్మన్నాడు. కూర్చున్నాను. లేవలేకపోయాను. వెనక వరసలో ఉన్నవాళ్ళు చూస్తున్నారు. చెయ్యి అందిస్తారేమోనని కాసేపు చూశాను. డాక్టరు తలెత్తకుండా రాసుకుంటూ తర్వాతివాణ్ణి పిలిచాడు. ఆ తర్వాతివారు మాస్టారే. ఆయన నన్ను దాటుకుని లోపలికి వెళ్ళారు.

క్లబ్బువాళ్ళు ఇంకొకణ్ణి తెచ్చుకోమని మాస్టారికి కబురు చేశారు. యజమాని తన మేనల్లుణ్ణి పంపాడు. ఈసారి ఏ ఊళ్ళోనూ ఆట ఆడమనలేదు. కాగితాలన్నీ నెల తిరక్కుండా అయిపోయాయి.

బయల్దేరే ముందు మాస్టారు మా పాలెం వచ్చారు. నేను పాకలో మంచం మీద ఉన్నాను. అమ్మ పొంగిపోయి పీట వేసింది. మట్టగిడస చేపల కూర వండి పెట్టింది. ఆయన ఆకలిగా తిన్నారు, మారు వడ్డించుకున్నారు. చెయ్యి కడుక్కొచ్చాక, మద్రాసులో మేనేజరు మాకిచ్చిన రబ్బరు అడుగు బూట్లు ఎక్కడున్నాయని అడిగారు. ఆ మేనల్లుడివీ నీ పాదాలంతే, నీకింక వాటితో పనేముంది అన్నారు. ట్రంకుపెట్టెలో ఉన్నాయని చెప్పాను. అమ్మే తీసి, కొంగుతో తుడిచి ఇచ్చింది. ఆయన వాటిని న్యూస్‌పేపర్లో చుట్టుకుని వెళ్ళిపోయారు.

వేటకి పోదామంటే నాన్న నా నడక ఒకసారి చూసి, పడవని అల మీదికి నెట్టటానికి రెండు కాళ్ళు కావాలని చెప్పి ఊరుకున్నాడు. అన్నలు పడవ నెట్టుకుని పోయారు. అలా మళ్ళీ తెనాలి మిల్లుకే పోయాను. యజమాని నన్ను తీసెయ్యలేదు. ఆ సంగతి కూడా ఊళ్ళో మంచిగానే చెప్పుకున్నారు. నెట్ కట్టటం, సున్నంతో గీతలు వేయటం, బంతులకి గాలి కొట్టటం నా పని. హమాలీలు నన్ను కువైట్ అని పిలవటం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి బజారంతా అదే పేరు. కిళ్ళీకొట్టువాడు కూడా "ఏంటి కువైట్, కాలెలా ఉంది?" అనేవాడు. ద్వేషంతో కాదు. నా అసలు పేరు వాళ్ళకి గుర్తులేదు. యజమాని అతిథులకి కొత్త కుర్రాడి కండ చూపించాక నన్ను కూడా పిలిచేవాడు. వీడు కువైట్ పోవాల్సినవాడు అని చెప్పేవాడు. వాళ్ళు ఈసారి కాలు చూసేవాళ్ళు.

మూడు నాలుగేళ్ళ తర్వాత మాస్టారు తిరిగొచ్చారు. మిల్లు గేటు దగ్గర చూసి ముందు నేను గుర్తుపట్టలేదు. మనిషి సగమయ్యారు. అక్కడ క్లబ్బు జట్టు వరసగా ఓడిపోయిందట. కోచీ పని తీసేసి గోదాములో వేశారట, బంతులు, తువ్వాళ్ళు చూసుకోవటానికి. వచ్చేద్దామంటే పాస్‌పోర్టు క్లబ్బు దగ్గరే పెట్టుకుంది. ఒప్పందం గడువు తీరేదాకా కదలనివ్వలేదు. మేనల్లుడు మాత్రం ఏదో దుకాణంలో కుదిరి బాగానే ఉన్నాడట.

ఆయన యజమానిని చూడటానికి వచ్చారు. జట్టుకి కోచీగా పెట్టుకోమని అడగటానికి. యజమాని ఆయన్ని ఎడ్ల కొట్టం దగ్గర ఎండలో మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాడు. ఆ తర్వాత లోపలికి పిలవకుండానే, ఇప్పుడు కోచీ అవసరం లేదని పాలేరుతో చెప్పించాడు.

నేను గీతలు వేస్తుంటే వచ్చి పక్కన గట్టు మీద కూర్చున్నారు. నన్నూ కూర్చోమన్నారు. పంచె పైకి లాగి నా మోకాలు చూశారు. బొటనవేలితో చిప్ప చుట్టూ నొక్కారు. చాలాసేపు నొక్కారు, ఇప్పుడు పట్టుకుంటే బాగవుతుందన్నట్టు.

"ఆ రోజు నేను ఆపాల్సిందిరా. ఆపితే ఆయనకి కోపమొచ్చేది. నా కాగితం కూడా ఆగిపోయేది."

"తెలుసండి," అన్నాను.

"ఎప్పటినుంచి?"

"బెంచీ మీద నా కాలు మీరు జరిపినప్పటినుంచండి."

ఆయన పంచె కిందికి దించి, సర్ది, చేతులు దులుపుకున్నారు. మీ అమ్మకి తెలుసా అని అడిగారు. తెలియదని చెప్పాను. తెలిస్తే ఆ రోజు మీకు అన్నం పెట్టేది కాదని కూడా చెప్పాను. నొప్పించాలని అన్నమాట కాదు, ఉన్నమాట. ఆయన తలూపి లేచి, బాపట్ల బండి ఎన్నింటికో అడిగి, స్టేషన్ వైపు నడిచి వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం ఇంటికి పోయినప్పుడు మాస్టారు వచ్చారని అమ్మకి చెప్పాను. చిక్కిపోయారని చెప్పాను. అమ్మ చేస్తున్న పని ఆపింది.

"అయ్యో, అన్నం తిన్నాడా? మనింటికి తీసుకురాకపోయావా," అంది.

ఈసారి తీసుకొస్తాలే అన్నాను. అమ్మ చేపల పొలుసు గీకటం మళ్ళీ మొదలుపెట్టింది.