నదికి అటూ ఇటూ రెండు కాంగోలు

అది 2023. రాజమండ్రిలో విమాన టికెట్లు బుక్ చేసే ఆఫీసు పెట్టి అప్పటికి పదకొండేళ్లు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది గల్ఫ్‌కు వెళ్లేవాళ్లే. ఆఫ్రికా టికెట్లు ఏడాదికి నాలుగైదు ఉంటే గొప్ప. ఆ ఖండం గురించి నాకు తెలిసిందల్లా బడిలో చదువుకున్న సహారా ఎడారి, నైలు నది.

ఎండాకాలంలో ఒక ఉదయం కొవ్వూరు నుంచి నాగమణి అనే ఆవిడ వచ్చారు. భర్త సూర్యారావు బోర్లు వేసే రిగ్గు మీద ఆపరేటరు. కాంగోలో పనిచేస్తుండగా కాలు మీద ఇనప పైపులు పడి ఆసుపత్రిలో ఉన్నారట. ఆయన కంపెనీ వాళ్లే వీసా తెప్పించి, టికెట్ ఇక్కడ తీసుకోమన్నారు.

"కాలు తీసెయ్యాలంటన్నారండి. నేనొచ్చేదాకా సంతకం పెట్టనంటన్నారు ఆయన" అన్నారు నాగమణి.

"కాంగోలో ఏ ఊరండి?"

"ఆ పేరు నాకు నోరు తిరగట్లేదండి. రాజధానే అన్నారు. మన గోదారిలాగే ఊరి పక్కనే పెద్ద నదంటండి."

కంప్యూటర్లో కాంగో అని కొడితే బ్రాజావిల్ వచ్చింది. మ్యాప్ చూశాను. రాజధానే. నది ఒడ్డే. ప్రతి విమానాశ్రయానికీ మూడక్షరాల గుర్తు ఉంటుంది, దాన్ని ఎయిర్‌పోర్ట్ కోడ్ అంటాం. బ్రాజావిల్ కోడ్ వేసి ముంబయి మీదుగా టికెట్ ఇచ్చేశాను. వీసా ఆవిడ సంచిలోనే ఉంది. ఒకసారి చూపించమని అడగలేదు.

మర్నాడు ముంబయి నుంచి ఫోను.

"మేడంగారండి, విమానం ఎక్కనివ్వరంటండి. వీసా ఒక దేశానిదంట, టికెట్టు ఇంకో దేశానికంట. ఇదేంటండి?"

చెకిన్ కౌంటర్లో ఉన్న అమ్మాయి ఫోను తీసుకుని ఇంగ్లీషులో చెప్పింది, కాంగోలు రెండున్నాయనీ, ఈవిడ వెళ్లాల్సింది కిన్షాసాకనీ.

మ్యాప్ దగ్గరగా లాగి చూశాను. ఒకే నది. ఈ ఒడ్డున బ్రాజావిల్, ఆ ఒడ్డున కిన్షాసా. గోదారికి అటూ ఇటూ రాజమండ్రీ కొవ్వూరూ ఉన్నట్టే ఎదురెదురుగా రెండు ఊళ్లు, రెండు దేశాల రాజధానులు. మధ్యలో వంతెన లేదు. నది దాటాలంటే ఇంకో వీసా కావాలి. ఆ ఒక్క కిన్షాసాలోనే హైదరాబాద్ కంటే ఎక్కువ మంది ఉన్నారట. అలాంటి ఊరి పేరు నేను అంతవరకూ విననే లేదు. యాభై నాలుగు దేశాలున్న ఖండాన్ని పక్క జిల్లాలా అనుకుని టికెట్ కొట్టాను.

"ఇప్పుడు నేనేం చెయ్యాలండి?" నాగమణి గొంతు చాలా మెల్లగా వినిపించింది.

"తప్పు నాదండి. మీరు అక్కడే కూర్చోండి, నేను మారుస్తాను" అన్నాను.

పాత టికెట్ మార్చి కొత్తది ఇవ్వడాన్ని రీఇష్యూ అంటాం. ఎంత వెతికినా మర్నాటి విమానంలోనే సీటు దొరికింది. ఆవిడ విమానాశ్రయంలో కుర్చీ మీదే ఉండిపోయారు. రెండు గంటలకోసారి ఫోను చేశాను. "ఉన్నానండి" అనేవారు.

ఆవిడ చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది. కాలికి చీము పట్టి ముదరడంతో డాక్టర్లు ఆగలేకపోయారు. ముందురోజే సూర్యారావు సంతకం పెట్టేశారు.

మూడు నెలల తర్వాత ఇద్దరూ మా ఆఫీసుకు వచ్చారు. ఆయన చంకలో కర్ర ఉంది. క్షమించమని అడగడానికి లేచి నిలబడ్డాను.

"మీరు సరిగ్గా పంపినా కాలు దక్కేది కాదండి. డాక్టరుగారు మొదటే చెప్పేశారు" అన్నారు సూర్యారావు. "కాపోతే ఆ కాగితం ఫ్రెంచిలో ఉందండి. ఏం రాశారో తెలీదు. ఒక్కణ్నే సంతకం పెట్టాను. ఈవిడ పక్కనుంటే బాగుండేదనిపించింది" అన్నారు.

నాగమణి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కర్ర తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నారు.

ఇప్పుడు ఎవరు దేశం పేరు చెప్పినా ఊరి పేరు అడుగుతాను. వీసా చేతికిస్తేగాని కంప్యూటర్ ముట్టను. మ్యాప్ వాళ్లవైపు తిప్పి, దిగే చోటు వేలితో చూపిస్తాను. ప్రయాణం ఒక రోజు ఆలస్యమైతే మాకది ఒక రీఇష్యూ, అంతే. అక్కడ మంచం మీద ఎదురుచూస్తున్న మనిషికి ఆ రోజును ఏ టికెట్టూ తిరిగి తేలేదు.