స్థలం అడిగిన బస్సు ఆంటీ

చలికాలం చివర్లో బస్సు ఆంటీ పోయారు. "అమ్మ ఇక లేదు. హార్ట్ ఎటాక్," అని వాళ్లమ్మాయి మా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. నాలుగు రోజుల తర్వాత టౌన్ కౌన్సిల్ సమావేశంలో ఆమె కోసం ఒక నిమిషం మౌనం పాటించారు. చాలా మృదుస్వభావి అన్నారు. కాదు. ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను.

నార్త్ కరోలినాలోని మా ఊళ్లో ఆమె పదిహేనేళ్లు స్కూల్ బస్సు నడిపారు. పిల్లలు పెట్టిన పేరే పెద్దవాళ్లకూ అలవాటైంది. సీటు మీద దిండు వేసుకుని, స్వెటర్ చేతులు మోచేతుల దాకా మడిచి స్టీరింగ్ పట్టుకుంటే, వెనక సీట్లలో అల్లరి దానంతటదే ఆగేదట. రోజూ రెండుసార్లు ఆ బస్సు లైబ్రరీ వెనక ఖాళీ స్థలం పక్కనుంచి వెళ్లేది. అది టౌన్‌ది. అందులో గడ్డి తప్ప ఏమీ లేదు.

మేముండేది బాల్కనీలో కుండీ పెడితే నోటీసు వచ్చే చోట. ఎవరి మడిలో వాళ్లు కూరలు పండించుకునే కమ్యూనిటీ గార్డెన్ ఊరికి ఒకే ఒక్కటి, అందులో మడి కావాలంటే వెయిటింగ్ లిస్ట్. ఆమె పేరు రాయించుకుని, మూడేళ్లు ఆగి, చివరికి కౌన్సిల్ సమావేశానికి వెళ్లారు. అక్కడ మాట్లాడదలచిన వాళ్లకు తలా మూడు నిమిషాలిస్తారు. ఆమె తనకొచ్చిన ఇంగ్లిష్‌లో సూటిగా అడిగారు: గడ్డి పెంచడానికి మీకు స్థలముంది, గోంగూర పెంచుకోవడానికి మాకు లేదా? గోంగూర అంటే ఏమిటో వివరిస్తుండగానే బజర్ మోగింది.

ఆ స్థలం పార్కింగ్ కోసం ఉంచామన్నారు. ఆమె మరుసటి నెల మళ్లీ వెళ్లారు. ఆపై నెల కూడా. ఓ ఆదివారం సంతకాల కాగితాలతో మా తలుపు తట్టారు.

"నేను హెచ్-వన్ వీసా మీద ఉన్నా ఆంటీ. ఇలాంటివాటిలో పేరుంటే ఏమైనా ప్రాబ్లమ్ అవుతుందేమో," అన్నాను.

"మడి అడగడానిక్కూడా భయమేనా? ఉంటున్నది ఈ ఊళ్లోనేగా, అడుగు. పెన్నుందా, నాది ఇవ్వనా?"

సంతకం పెట్టాను. పై అంతస్తులో ఉండే మెక్సికో తాతగారు పెట్టారు. లాండ్రీ గదిలో కలిసే వియత్నాం ఆవిడ పెట్టి, మరో పది మంది చేత పెట్టించింది.

రెండేళ్లకు కౌన్సిల్ దిగొచ్చింది. స్థలంలో సగాన్ని మడులుగా చేసి, లాటరీ తీసి ఇస్తామంది. లాటరీలో నా పేరు వచ్చింది. ఆమె పేరు రాలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "పార్క్స్ ఆఫీస్‌కి వెళ్లి అడుగుదాం పదండి. మీరు లేకపోతే అసలీ మడులే లేవు. కాదంటే నాది తీసుకోండి," అన్నాను.

"ఊరుకోవే. నా ఒక్కదాని కోసమే అరిచాననుకోవాలా వాళ్లు? నీకొచ్చింది, నువ్వే తవ్వు. మిగతా సగం ఇంకా గడ్డేగా! నెక్స్ట్ మీటింగ్ ఎప్పుడో చూడు."

అలా మళ్లీ మొదలుపెట్టారు. శనివారాలు నా మడి గట్టున నిలబడి పార పట్టడం నేర్పేవారు. "మట్టి దగ్గర మొహమాటమేంటే? ఇంకా లోతుగా తవ్వు!" అనేవారు. నేను కోసి చేతిలో పెడితే తప్ప ఒక్క ఆకు ముట్టేవారు కాదు. మోకాళ్లు మొరాయించాక కర్ర పట్టుకున్నారు. ఆ కర్రతోనే మైక్ దాకా నడిచేవారు. కౌన్సిల్‌లో ఒకాయన ఓసారి, మీకు ఓపిక ఎక్కువండీ అన్నాడు. "ఓపిక లేకే వస్తున్నా," అన్నారు.

ఆమె పోయాక కౌన్సిల్‌లో పాటించిన ఆ నిమిషం మౌనం ముగిశాక నేను లేచి మైక్ దగ్గరికి వెళ్లాను. మౌనం ఆవిడకు అస్సలు పడేది కాదని చెప్పాను. మిగతా సగం ఎప్పుడిస్తారని అడిగి, బజర్ మోగేదాకా జవాబు కోసం అక్కడే నిలబడ్డాను. వెనక్కి తిరిగి చూస్తే వియత్నాం ఆవిడ నిలబడి ఉంది. తాతగారు టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఆమె బస్సులో స్కూలుకెళ్లిన పిల్లలు, ఇప్పుడు కాలేజీకి వెళ్తున్నవాళ్లు, ఓ వరుస వరుసంతా నిలబడ్డారు. ఆ రోజు ఏమీ తేల్చలేదు. తర్వాతి సమావేశంలో ఓటేశారు. ఇచ్చారు.

ఇప్పుడక్కడ కంచె వేసి, మట్టి తిరగేసి, గేటుకు తాళం వేశారు. మడులు వచ్చే నెల పంచుతారట. నిన్న ఆఫీస్ నుంచి వస్తూ కారాపి చూశాను. ఎవరో కంచె సందుల్లోంచి చేతులు దూర్చి మెంతులు చల్లారు. ఎవరో నాకు తెలియదు, అడగను కూడా. చెయ్యి అందినంత మేర, కంచె పొడవునా, ఎర్రమట్టిని చీల్చుకుని పచ్చగా మొలకలు.