చూసే తొవ్వకు పదకొండు బోర్డులు

మా డ్రాయింగు సారు పోయారన్న కబురు మోస్రా దగ్గర రోడ్డు మీద గుంతలు పూడ్పిస్తుండగా నాకు అందింది. ఫోను చేసింది అమ్మ, అంటే సారు భార్య. ఆయన దగ్గర చదువుకున్న మేమంతా ఆమెను అలాగే పిలుస్తాం. "సారు పోయిండు బిడ్డా. పొద్దుగాల చాయ తాగి కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అంది. తారు పొగలో నిలబడి ఆ మాట విన్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఈ ఆదివారం తప్పకుండా వస్తానని ఆయనకు మాటిచ్చి ఉన్నాను. పోయిన ఆదివారానికీ అదే మాట ఇచ్చాను, దాని ముందు ఆదివారానికీ ఇచ్చాను. నా కోపం నా మీదే.

నేను నిజామాబాద్‌లో రోడ్ల ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. సారు వర్ని బడిలో మాకు బొమ్మలు నేర్పారు. చేతిలో సుద్దముక్క, చెవి మీద బ్రష్షు, చొక్కా జేబులో ఎప్పుడూ రంగుమరకల దస్తీ. ఆరో తరగతిలో ఆయన మాకు మొదట నేర్పింది మామిడికాయా కాదు, జెండా కాదు, బాణం గుర్తు. నేను కాగితం అంచుకు ఆనించి గీస్తే నెత్తిన చిన్నగా మొట్టారు. "బాణం ముంగట ఖాళీ జాగుండాలె రా. గోడకు గుద్దుకునే బాణం ఎవనికి కావాలె?" అన్నారు. రోడ్ల ఉద్యోగంలో చేరాక ఎన్ని బాణాలు వేయించానో లెక్కలేదు. ప్రతిసారీ నెత్తి తడుముకునేవాణ్ని.

రిటైరయ్యాక ఆయన బామ్మర్ది దగ్గరికి స్కాట్లాండు వెళ్లి నాలుగు నెలలు ఉండి వచ్చారు. బామ్మర్ది అక్కడ ఇంటింటికీ సామాన్లు చేరవేసే వ్యాను నడుపుతాడు. సారు రోజూ పక్క సీట్లో కూర్చుని తిరిగారట. అక్కడ ఆయన చూసొచ్చిన సంగతులు చాలానే ఉంటాయి గాని, మాకు చెప్పింది ఒక్కటే, గోధుమరంగు బోర్డులు. తొందర ఉన్నవాళ్లకు పెద్ద రోడ్డు, దానికి పచ్చ బోర్డులు. తొందర లేనివాళ్లకు కొండల పక్కనుంచో సముద్రం ఒడ్డునుంచో పోయే చుట్టుదారి, దానికి గోధుమరంగు బోర్డు. దాని మీద ముళ్ల పువ్వు బొమ్మ ఉంటుంది. రెండు దారులూ చివరికి ఒకే ఊరు చేరతాయి.

"సర్కారే సుట్టు తిరిగి పొమ్మంటది రా! సూసుకుంట పొమ్మని!" అని చెబుతుంటే ఆయన కళ్లు మెరిసేవి. మన సర్కారూ చుట్టూ తిప్పుకుంటుంది సార్, కాకపోతే కాగితాల కోసం అన్నాను. ఆయన నవ్వలేదు. నోటుబుక్కు తెరిచి, అక్కడి బోర్డులన్నీ చూసి గీసుకున్న బొమ్మలు చూపించారు. కోటకొక బొమ్మ, సముద్రపు దారికొక బొమ్మ. ఆఖరికి సారా బట్టీలు చూడబోయే దారికి కూడా బోర్డుంది. "బట్టీకి బోర్డున్నది. మన నిజాంసాగర్ కాలువకు లేదు. ఇది న్యాయమేనా?" అని నన్ను నిలదీశారు, ఆ బోర్డు పెట్టాల్సింది నేనే అయినట్టు.

అలాంటి బోర్డులు పెట్టాలని ఆయన అనుకున్న దారి, ఆయన మాటల్లో తొవ్వ, ఇది. నిజామాబాద్ నుంచి వచ్చేవాళ్లు మోస్రా దాటాక మెయిన్ రోడ్డు వదిలి ఎడమకు తిరగాలి. కాలువ గట్టు వెంట చెరుకు తోటలూ వరి మళ్లూ చూసుకుంటూ, తూముల దగ్గర ఆగుతూ, గుట్టల పక్కనుంచి వర్ని చేరాలి. తిన్నగా పోయేదానికన్నా రెట్టింపు దూరం. ఆయన తన మోపెడ్ మీద ఎప్పుడూ అటే వచ్చేవారు. నచ్చిన చోట మోపెడ్‌కి స్టాండు వేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. ఎవరైనా పలకరిస్తే బండి ఖరాబైందా సారూ అనే అడిగేవాళ్లు.

అనుమతి కోసం పెట్టిన దరఖాస్తును నేనే స్వయంగా మా ఆఫీసులో ఇచ్చాను. "పరిశీలనలో ఉంది" అన్న జవాబు మూడుసార్లు మోసుకెళ్లి ఇచ్చాను. నాలుగోసారి వెళ్లేసరికి వాకిట్లో పదకొండు రేకు బోర్డులు ఆరుతున్నాయి. గోధుమరంగు దొరక్క కిటికీ ఊచలకు వేసే రెడాక్సైడు వేశారు. దాని మీద తెల్లగా చెరుకుగడ, కింద బాణం, అంతే. ఒక్క అక్షరం లేదు. రాయండి సార్ అని బతిమాలాను. "చదువు రానోళ్లకు గూడ తెలువాలె. అక్కడ ఉత్త పువ్వే ఉంటది" అన్నారు. పట్టిన పట్టు విడవని మనిషి. అనుమతి రాకముందే వాటిని ఆ దారి పొడవునా స్తంభాలకు బిగించేశారు. ఆ మొండితనమే కొంప ముంచింది.

చెరుకు ఫ్యాక్టరీ మూతబడ్డ ప్రాంతంలో చెరుకు బొమ్మా బాణమూ కనబడితే జనం ఏమనుకుంటారు? చెరుకు తూచి కొనే కాంటా కొత్తగా పెట్టారనుకున్నారు. చెరుకు ఇక దూరం మోయక్కర్లేదనుకున్నారు. క్యాంపు రైతు ఒకాయన, తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడ్డ కుటుంబం, రెండు ట్రాలీల చెరుకుతో బాణం పట్టుకుని పోయాడు. ట్రాక్టరు గట్టు మీద ఇరుక్కుంది. ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. చెరుకు ఎండిపోయింది. మర్నాడు ఆయన సారు ఇంటికొచ్చాడు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"ఏవండీ మాస్టారూ, ఆ బొమ్మ మీరు వేసిందేనా?"

"నేనే ఏసిన."

"కాంటా ఎక్కడండీ మరి?"

"కాంటా లేదు. అది... సూసే తొవ్వ."

"ఏం చూడమంటారండీ? రోజూ నేను ఆ గట్టు మీదే చస్తున్నాను కదా!"

సారు చేతులు జోడించారు. ఆయన తలవంచడం నేను చూసింది ఆ ఒక్కసారే. రైతు తప్పేమీ లేదు. సారు తప్పు చేశారని నేను అక్కడికక్కడే అన్నాను, గట్టిగానే అన్నాను. ఆ సాయంత్రమే ఆయన బ్రష్షు పట్టుకుని పదకొండు బోర్డుల మీదా చెరుకుగడ పక్కన "చూసే తొవ్వ" అని రాసొచ్చారు. అప్పటికే ఫిర్యాదు మా ఆఫీసుకు చేరింది. బోర్డులు పీకే పని నాకు పడింది.

వద్దంటే వినకుండా సారు కూడా వచ్చారు. నేను స్పానరు తిప్పుతుంటే పక్కన నిలబడి ఊడిన బోల్టులను ఒక్కొక్కటే దస్తీలో వేసుకున్నారు. "పారెయ్యకు రా, మళ్ల పనికొస్తయి" అన్నారు. పదకొండో బోర్డు దించాక మాత్రం నా భుజం మీద చెయ్యి వేశారు. "నువ్వీ తొవ్వల ఎన్నిసార్లు వచ్చినవ్ రా?" అంటే, వందసార్లు వచ్చి ఉంటానన్నాను. "అన్నిసార్లూ కిందికే సూసినవ్. గుంతలు గాదు, గుట్టలు సూడు. ఒక్కపారి పని లేకుండ రా, ఇద్దరం పోదాం." ఆదివారం వస్తా సార్ అన్నాను. ఆ ఆదివారం కాంట్రాక్టరు పిలిచాడు. తర్వాత ఆదివారం పెళ్లి. తర్వాత ఏముందో గుర్తు కూడా లేదు. ఊరికే రాలేకపోయానంతే. పది కిలోమీటర్లు బండి మీద తిరగడానికి ఏడాదిలో ఒక్క పూట దొరకలేదంటే ఎవరైనా నమ్ముతారా? నాకే సిగ్గుగా ఉంది.

సారు పోయిన మూడో రోజు వెళ్లేసరికి అమ్మ దస్తీ మూట విప్పి నా ముందు పెట్టింది. ఇరవై రెండు బోల్టులు, తుప్పు పట్టకుండా నూనె రాసి ఉన్నాయి. "బోల్టులున్నయి గని బోర్డు లేదు బిడ్డా. పదకొండో దినానికి ఒక్కటన్న తెచ్చియ్యి. ఫొటో పక్కన పెడత" అంది. నన్ను ఆమె ఏనాడూ ఏదీ అడగలేదు.

బోర్డులు మా స్టోరు వెనకాల పడున్నాయి. అన్నిటికన్నా పైనున్న బోర్డు మీది బాణం సరిగ్గా ప్రహరీ గోడకేసి చూపిస్తోంది. స్టోరు కీపరు కుర్రాడేం చెడ్డవాడు కాదు. "అన్నా, గవి రిజిస్టర్ల ఎక్కలే. ఎక్కని సామాను బయటికెట్ల ఇడుస్త?" అన్నాడు. ఎక్కనిది లేనట్టే కదా, లేనిది పోతే నీకేం అన్నాను. లేనిది పోయిందంటే ఇంకా పెద్ద లొల్లి అన్నాడు. మా ఆఫీసు పెద్దసారు దగ్గరికి వెళ్తే, బోర్డులు పెట్టినాయనతో దరఖాస్తు పెట్టించమన్నారు. ఆయన చనిపోయారండీ అన్నాను. అయితే మరణ ధ్రువీకరణ పత్రం జతచెయ్యమన్నారు. ఆ పత్రం నెల దాకా రాదు. బతికున్నప్పుడు మూడుసార్లు పరిశీలించారు, చచ్చాక కూడా పరిశీలిస్తారట.

పదకొండో రోజు పొద్దున తాడు తీసుకుని స్టోరుకు వెళ్లాను. కీపరు తాడు చూశాడు, నన్ను చూశాడు. "నేను చాయకు పోతున్నన్నా, వచ్చేసరికి జర టైమైతది" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. పైనున్న బోర్డు తీసుకున్నాను. బండి వెనక సీటుకు ఆనించి, బొమ్మ వెనక్కి కనబడేలా కట్టాను.

వర్నిలో సారు ఇంటికి పోతుంటే, మోస్రా దాటాక తాడు వదులైంది. కాలువ దారి చీలే చోటికి కాస్త ముందు బండి ఆపి, కిందికి వంగి ముడి బిగిస్తున్నాను. వెనక నుంచి ఒక తెల్లకారు వచ్చింది. నా దగ్గర మెల్లగయ్యింది. లోపలున్నవాళ్లు నా బోర్డు చదివారో, రోడ్డు మూసి అటు మళ్లించారనుకున్నారో తెలియదు. బాణం చూపించిన వైపు, ఎడమకు, కాలువ గట్టు మీదికి తిరిగింది.

అయ్యో అటు కాదని అరవబోయాను. నోరు తెరిచాను కూడా. కారు మొదటి తూము దగ్గర ఆగింది. ఒకాయన దిగాడు, ఒకామె దిగింది, తర్వాత ఒక ముసలామె మెల్లగా దిగింది. దారి అడగడానికి ఎవరైనా ఉన్నారేమోనని చూస్తున్నారనుకున్నాను. ముసలామె చెయ్యెత్తి గుట్టలవైపు ఏదో చూపించింది. మిగతా ఇద్దరూ అటు తిరిగారు.

ఆరోజు కాలువలో నీళ్లు నిండుగా ఉన్నాయి. వాళ్లు చాలాసేపు అలాగే నిలబడ్డారు. నేను తాడు చేత్తో పట్టుకుని, ముడి వెయ్యడం మరిచిపోయి, వాళ్లు చూస్తున్నవైపే చూస్తూ ఉండిపోయాను.