అమ్మ తిట్లు, ఎవడిదో సీడీ

సీడీలు వచ్చిన కొత్తలో బాన్సువాడలో పెళ్లి వీడియోలు తీసే చిన్న స్టూడియో ఉండేది నాకు. ముహూర్తాలు లేని ఆషాఢంలో ఊరికే కూర్చోలేక, మా అమ్మనే పెట్టి ఒక నవ్వుల వీడియో తీశాను. కథా పాడూ ఏమీ లేదు. పొద్దున లేస్తే బాపును ఎలా తిడుతుందో కెమెరా ముందు అలాగే తిట్టమన్నాను, అంతే. ఒక్క బూతు లేకుండా మనిషిని ఉతికి ఆరేసే విద్య ఆమెది. కొంగు నడుముకు దోపుకుని, చీపురు ఊపుతూ మొదలుపెడితే తిట్లు తినే బాపే ముందు నవ్వేవాడు.

ఆ సీడీ బిచ్కుంద, కోటగిరి దాకా పోయింది. బజారుకు వెళితే ఆడవాళ్లు గుర్తుపట్టి చుట్టూ చేరేవారు. అమ్మ ఎన్నడూ లేనంత సంబరపడింది. రెండోది ఎప్పుడు తీస్తావని నా ప్రాణం తోడేసేది.

పెళ్లి క్యాసెట్ల అలవాటు కొద్దీ, గులాబీ పువ్వుల మధ్య మా పేర్లు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి వేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఒకడు ఆ రెండు చోట్లా కత్తిరించి, తన పేరు అతికించి అమ్ముకున్నాడు. అందుకని రెండో సీడీలో బొమ్మ కింద మొదటినుంచి చివరిదాకా మా పేరు నడిపించాను. ఇక ఎలా కోస్తాడో చూద్దామనుకున్నాను. వాడు కోయలేదు, మొత్తం మళ్లీ తీశాడు! ఒక మగమనిషికి చీర కట్టించి, అమ్మ తిట్లన్నీ పొల్లు పోకుండా అనిపించాడు. ఆ కొంగు దోపడం, చీపురు ఊపడం కూడా. ఒళ్లు మండి వాడి దుకాణానికి పోయి నిలదీశాను.

“తిట్లు అందరిండ్లల్ల ఉంటయన్నా. నువ్వేమన్న కొనుక్కున్నవా?” అన్నాడు చల్లగా.

తెలిసిన వకీలును అడిగితే, తిట్లు మీవేనని సాక్ష్యం ఎక్కడినుంచి తెస్తావని ఆయనా నవ్వాడు. ఈలోపు వాడి సీడీయే ఊరూరా తిరిగింది.

మద్నూర్‌లో చుట్టాల పెళ్లికి పోయినప్పుడు, ఒక్కసారి తిట్టి చూపించమని ఆడవాళ్లు అమ్మ వెంటపడ్డారు. ఆమె హుషారుగా మొదలుపెట్టింది. అందరూ నవ్వారు. పెళ్లికొడుకు మేనత్త మెచ్చుకోలుగానే అంది: “మంచిగనే చేస్తున్నవ్ అక్కా. గని గా సీడీల ఆయన లెక్క వస్తలేదు.”

అమ్మ నడుముకు దోపిన కొంగు తీసేసుకుంది. ఇంటికొచ్చాక మూడోది తీద్దామన్నాను.

“ఇగ నాతోని కాదు బిడ్డా. నా తిట్లు నేను తిట్టినా, ఆని నకల్ చేస్తున్న అంటుండ్రు.”

ఎంత బతిమాలినా వినలేదు. మర్నాడు పొద్దున బాపు చాయ్ ఒలకబోశాడు. అమ్మ నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. గుడ్డ తెచ్చి తుడిచి లోపలికి వెళ్లిపోయింది. బాపు తిట్టు కోసం చూస్తూ అక్కడే నిలబడ్డాడు.